గదిలో రెండో మనిషి

ఆ భవనంలో పై అంతస్తు చివర కిటికీ లేని గది ఒకటుంది. తలుపు మీద ఎర్ర దీపం, దాని కింద ‘లోపల లేజరు వెలుగుతోంది, తలుపు తీయకండి’ అని ఒక పలక. ఆ గదిలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, జీతం కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. పరిశోధన చేసేవాళ్ళు ఎప్పుడో అతనికి చీకటిరాజు అని పేరు పెట్టారు. ఆ సంగతి అతనికీ తెలుసు. కోపం తెచ్చుకోలేదు సరికదా, ఒకసారి ఫోనెత్తి “చీకటిరాజుని మాట్లాడుతున్నా” అనేసి నాలిక కరుచుకున్నాడు.

నువ్వు చేసే పనేమిటని అతన్ని మర్యాదకి అడిగేవాళ్ళు ఉండేవారు. అతను చెప్పడం మొదలుపెట్టగానే వాళ్ళకి అర్జెంటుగా ఏదో పని గుర్తుకొచ్చేది. మీరలా లేచెళ్ళిపోకండి, నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. మన ఒంట్లో ప్రతి కణాన్నీ ఒక పలచటి పొర చుట్టుకుని ఉంటుంది. కొవ్వు అణువులు రెండు వరుసలుగా సర్దుకుంటే ఏర్పడే పొర అది. చూడబోతే గోడలా కదలక మెదలక ఉంటుందనిపిస్తుంది గానీ, అందులో అణువులు ఒక్క క్షణం ఒకచోట నిలవవు. అవి ఎంత చురుగ్గా తిరుగుతున్నాయో కొలవడం చీకటిరాజు పని. శుభ్రంగా కడిగిన గాజు ముక్క మీద అలాంటి పొరను తనే పరిచేవాడు. అందులో వెలిగే రంగు అణువులు కాసిని కలిపేవాడు. మైక్రోస్కోపులో చూస్తే అంతా ఆకుపచ్చగా మెరిసేది. దాని మధ్యలో లేజరుతో ఒక్క దెబ్బ కొడితే, అక్కడున్న రంగు అణువులు వెలగడం మానేసేవి, గుండ్రంగా ఒక నల్లమచ్చ పడేది. ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడమే. చుట్టుపక్కల వెలిగే అణువులు తిరుగుతూ తిరుగుతూ మచ్చలోకి వచ్చేవి, ఆరిపోయినవి బయటికి పోయేవి, మచ్చ మెల్లగా నిండేది. తొందరగా నిండితే పొర ఒదులుగా ఉన్నట్టు, ఆలస్యమైతే బిగుసుకున్నట్టు. అంతే.

పగలు ఈ పని సాగదు. లిఫ్టు తిరుగుతుంటుంది, వరండాలో సామాన్ల బళ్ళు తోస్తుంటారు, ఆ అదురుకి బొమ్మ చెదిరిపోతుంది. ఏసీ గాలి తగిలినా ఫోకస్ జారిపోతుంది. అందుకని అందరూ ఇళ్ళకి బయల్దేరే వేళకి చీకటిరాజు ఏసీ కట్టేసి, తలుపు బిగించి, లైట్లార్పి కూర్చునేవాడు. ఎదురుగా ఒక తెర, చేతికింద ఒక మీట, వెనక గోడకి ఒక కోటు కొక్కెం, ఆ కొక్కెం కింద ఇనప స్టూలు. ఆ స్టూలు మీద చాలాకాలం అతని బావ కూర్చునేవాడు.

బావ గురించి కాస్త చెప్పాలి. చీకటిరాజుకి చిన్నతనంలోనే అమ్మానాన్నలు పోతే అక్క పెంచింది. అక్క పెంచిందనడం లోకం మాట. పెంచింది అక్కా బావా ఇద్దరూ. బావ రాత్రి బస్సు డ్రైవరు. భారీ మనిషి. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు. ఇంట్లో ఉన్న రెండు గదుల్లో తలుపున్న గదిని బావమరిది చదువుకి ఇచ్చేసి, తను తెల్లారి డ్యూటీ దిగొచ్చి హాల్లో, వచ్చేపోయేవాళ్ళ మధ్య, కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. అక్క గొణిగితే, “వాడికి వెలుతురు కావాలి, నాకు చీకటి కావాలి. నా చీకటి తువ్వాల్లో దొరుకుతుందిలే” అనేవాడు.

చీకటిరాజు ఉద్యోగంలో చేరి వేరే గది తీసుకున్నాడు. పెళ్ళి కాలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు, చూద్దాం చూద్దాం అంటుండగానే వయసు దాటిపోయింది. బావ రిటైరయ్యాడు. తర్వాత కొన్నాళ్ళకి అక్క పోయింది. పిల్లల్లేని ఇల్లు. సాయంత్రమయ్యేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు వినపడాల్సిన వేళకి వినపడకపోయేసరికి బావ ఆ ఇంట్లో నిలవలేకపోయేవాడు. ఒకరోజు చీకటిరాజు మరిచిపోయిన గొడుగు పట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు. మర్నాడు ఏ వంకా లేకుండానే వచ్చాడు. ఆ తర్వాత రావడం మానలేదు. గేటు దగ్గర కాపలాదారు కూడా అలవాటుపడి, కనపడగానే తలుపు తీసేసేవాడు.

“ఏరా, ఇంకా నిండలేదా?” చీకట్లోంచి బావ గొంతు.

“లేదు బావా. సగమైంది.”

“నువ్వే మచ్చ పెడతావు, నువ్వే నిండాలని కూర్చుంటావు. పైగా దీనికి జీతం! నేను అనవసరంగా బస్సు నడిపానురా.”

“నువ్వు మాత్రం? పొద్దున తెచ్చినవాళ్ళనే రాత్రికి తీసుకెళ్ళి దింపలేదూ?”

“అది నిజమే” అని బావ నవ్వితే స్టూలు కిర్రుమనేది. చీకటిరాజు “కదలకు బావా, బొమ్మ అదురుతుంది” అని కసిరేవాడు. బావ ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు, ఎంతసేపో కాదు. మళ్ళీ ఏదో ఘాట్ రోడ్డు సంగతి, బ్రేకులు పట్టని రాత్రి సంగతి, బస్సులో పురుడు పోసుకున్న ఇల్లాలి సంగతి మొదలెట్టేవాడు. చెప్పినవే మళ్ళీ చెప్పేవాడు. చీకటిరాజు ఊ కొడుతూ మచ్చ వంక చూసేవాడు. వారంలో ఒక్క సాయంత్రం మాత్రం బావ మోకాలికి వ్యాయామం చేయించుకోవడానికి ఆసుపత్రికి పోయేవాడు, ఆ రోజు వచ్చేవాడు కాదు.

ఇలా సాగిపోతుండగా ఎక్కడో ఇంకో ప్రయోగశాలలో లేజరు తగిలి ఒకతనికి కన్ను పోయిందని తెలిసింది. ఇక్కడి భద్రతాధికారి హడలిపోయి, బయటివాళ్ళెవరూ గేటు దాటకూడదని ఆర్డరు వేశాడు. ఆ కాగితం మీద చీకటిరాజు పొద్దున్నే సంతకం పెట్టాడు. బావకి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాడు. గాజు ముక్కలు కడగడంలో పడి మధ్యాహ్నం గడిచిపోయింది.

సాయంత్రం అతను మెట్ల దగ్గరి కిటికీలోంచి చూసేసరికి బావ గేటు బయట ఉన్నాడు. కాపలాదారు ఏదో చెబుతున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. బావ గొడుగు ఎత్తి పై అంతస్తు వైపు చూపించాడు. ‘మావాడు అక్కడే ఉన్నాడు’ అని ఉంటాడు. గేటు పక్కనే భద్రతాధికారి కూడా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు దిగి వెళ్తే, ఇన్నాళ్ళూ ఈయన్ని లోపలికి తెచ్చింది నువ్వేనా అని అడుగుతాడు. ఒంటి మీద ప్రయోగశాల తెల్లకోటు, చేతులకి గ్లవుజులు ఉన్నాయి, తీసేసి దిగడానికి ఎంతసేపు? అయినా చీకటిరాజు దిగలేదు. కిటికీ దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేశాడు. బావ కాసేపు అలాగే నిలబడి, ఆ తర్వాత మోకాలు ఈడ్చుకుంటూ బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఫోన్ చేద్దామనుకున్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. రేపటికి ఇంకొంచెం సిగ్గేసింది, వారానికి మరింత. నెల గడిచాక ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదో కూడా చెప్పుకోవాల్సొచ్చింది. బావ కూడా చేయలేదు. రెండు బస్సులు మారితే చేరే ఇల్లు, వేరే దేశంలో ఉన్నంత దూరమైపోయింది. సిగ్గు ఎంత బద్ధకపు జబ్బో తెలిసినవాళ్ళకే తెలుసు. మందు చేతిలోనే ఉంటుంది, మింగబుద్ధి కాదు.

తర్వాత చీకటిరాజు సాయంత్రాలు చెప్పుకోదగ్గవి కావు. ఎప్పుడైనా అలవాటు కొద్దీ “సగమైంది” అని పైకే అనేవాడు. వెనక స్టూలు కిర్రుమనేది కాదు. గదికి పోతే ఒక కంచం, ఒక గ్లాసు, కడిగితే అయిపోయే పని. ఇంటావిడ తలుపు అవతలినుంచే “నీళ్ళు వస్తున్నాయి, పట్టుకోండి” అని అరిచిన రోజు, ఇవాళ ఎవరో మనతో మాట్లాడారని లెక్కేసుకునే స్థితికి వచ్చాడు. చలి కూడా ఎక్కువైంది. లేజరు గదిలోకి చలికోటుతో వెళ్ళి కోటుతోనే బయటికొచ్చేవాడు, పైన మఫ్లరు ఒకటి. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాడు.

ఈ లోపల అసలు ముప్పు ఇంకో దిక్కునుంచి వచ్చింది.

ప్రయోగశాలకి పెద్ద ఒకావిడ. అందరూ పెద్ద మేడమ్ అనేవారు. చీకటిరాజు తీసిన కొలతలతో ఆవిడ ఒక వ్యాసం అచ్చు వేయించింది. ఫలానా రకం కొవ్వు పొర ఫలానా వేడి దగ్గర చక్కగా ఒదులుగా ఉంటుందని అందులో సారాంశం. వేరే దేశంలో ఎవరో అదే పొర వేసి, అదే వేడి దగ్గర కొలిచి, ‘మాకు మచ్చ నిండడం లేదు, మీకెలా నిండింది’ అని అడిగారు. మేడమ్ కొత్తగా చేరిన ఒక పరిశోధకురాలికి దాన్ని సరిచూసే పని అప్పగించింది. అడిగింది మళ్ళీ అడుగుతుందని ఆమెను ప్రశ్నలమ్మాయి అనేవారు. చీకటిరాజు చాలాకాలానికి ఆ రకం పొర మళ్ళీ వేసి, రాత్రి ఒక్కడే కూర్చుని మచ్చ పెట్టాడు. మచ్చ నిండలేదు. ఒకప్పుడు బావ రెండు అబద్ధాలు చెప్పేలోపు నిండిపోయే మచ్చ, ఇప్పుడు ఎంతసేపు కూర్చున్నా నల్లగా అలాగే ఉంది.

“పాతవాటిలో ఇలా నిండనివి ఏమైనా ఉన్నాయా సార్?” అని అడిగింది ప్రశ్నలమ్మాయి.

“ఉండేవి. వారానికొకటో రెండో. గాజు సరిగా కడగలేదనుకుని తీసేశాను.”

“తీసేశారా? నిండినవే ఉంచి, నిండనివి తీసేశారా?”

ఆమె అడిగిన తీరులో దురుసుతనం లేదు. కానీ ఆ మాట బయటివాళ్ళ చెవికి ఎలా వినపడుతుందో చీకటిరాజుకి అప్పుడు తట్టింది. ఎవరికి చెప్పినా ఒకటే అర్థమవుతుంది, నచ్చిన లెక్కలు ఉంచుకుని నచ్చనివి పారేశాడని. ఆ పనికి వాళ్ళ లోకంలో దొంగతనమని పేరు.

మర్నాడు సాయంత్రం పెద్ద మేడమ్ స్వయంగా వచ్చింది. “నా కళ్ళ ముందు చెయ్యండి” అంది. ఆ అగ్గిపెట్టెంత గదిలో మేడమ్ ఒక పక్క, ప్రశ్నలమ్మాయి ఒక పక్క, మధ్యలో చీకటిరాజు, పరీక్ష రాసే పిల్లాడిలా. ఏసీ కట్టేశాడు. తలుపు బిగించాడు. పొర పరిచేసరికే చాలాసేపు పట్టింది. మొదటి మచ్చ నిండలేదు. రెండోది కొంచెం నిండింది. మూడోది పెట్టాక మేడమ్ వాచీ చూసుకుంటుండగానే నల్లటి గుండ్రం అంచులనుంచి ఆకుపచ్చగా మారుతూ, చూస్తుండగానే నిండిపోయింది.

మేడమ్ తెర దగ్గరికి వంగి మచ్చను మళ్ళీ చూసింది. చూసి, అతని వైపు తిరిగి అంది: “మేం కూర్చుంటే వస్తుంది, మీరొక్కరే ఉంటే రాదా? నన్నేమనుకోమంటారు?”

“నాకూ తెలియడం లేదండీ.”

“ఆలోచించండి. సోమవారం మాట్లాడదాం. కారణం తేలకపోతే ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటాను. ఎందుకు తీసుకున్నానో కూడా రాయాల్సొస్తుంది.”

వాళ్ళు వెళ్ళిపోయారు. చీకటిరాజు లైటు వేశాడు. సామాను సర్ది, తాళం తీసుకుని, బయల్దేరుతూ కోటు కోసం ఒంటిని తడుముకున్నాడు. ఒంటి మీద లేదు. వెతికితే గోడ కొక్కేనికి వేలాడుతోంది. ఎప్పుడు విప్పాడో, ఎప్పుడు తగిలించాడో అతనికే గుర్తులేదు. ఆ కొక్కేనికి కోటు తగిలించి ఎన్నాళ్ళయింది? బావ వస్తున్నంతకాలం రోజూ అక్కడే తగిలించేవాడు. కింద కూర్చున్న బావ తలకి కోటు చేయి తగులుతుంటే, “నీ కోటు నా నెత్తి నిమురుతోందిరా” అని విసుక్కునేవాడు.

చీకటిరాజు స్టూలు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ వయసని సరిపెట్టుకున్న చలి వయసు వల్ల వచ్చింది కాదు. తలుపు బిగించి ఏసీ కట్టేసిన చిన్న గదిలో ఒక మనిషి తగ్గిపోయాడు, అంతే.

మిగతాది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పొర ఉన్న గాజు ముక్కను వెచ్చగా ఉంచుతూ పట్టుకునే ఇనప పలకకి ఒక థర్మామీటరు ఉంటుంది. ఇన్నేళ్ళూ అతను దాన్నే నమ్మాడు. అది ఎప్పుడు చూసినా ఒకే అంకె చూపించేది. కానీ గాజుకి కిందనుంచి నూనె బొట్టుతో అంటుకుని మైక్రోస్కోపు కటకం ఒకటుంటుంది, బరువైన ఇత్తడి కటకం. గది చల్లగా ఉంటే అది చల్లబడి గాజును చల్లబరుస్తుంది, గది వెచ్చనైతే అదీ వెచ్చనవుతుంది. పలకకి ఈ సంగతి తెలియదు. చీకటిరాజు వెంట్రుకంత వైరున్న థర్మామీటరు తెచ్చి సరిగ్గా పొర ఉన్నచోటే నీళ్ళలో ముంచాడు. పలక చెప్పే అంకెకంటే తక్కువ చూపించింది. వెన్న చలికి గట్టిపడ్డట్టు ఈ రకం పొర కూడా ఒక వేడి దగ్గర బిగుసుకుంటుంది, సరిగ్గా ఆ అంచునే ఉంది కాబట్టి రవ్వంత తేడాకే అణువులు ఆగిపోతున్నాయి. స్టోరు రూములోంచి చిన్న హీటరు తెచ్చి స్టూలు మీద పెట్టి, గది వెచ్చబడేదాకా ఆగి మచ్చ పెట్టాడు. నిండింది. హీటరు కట్టేసి, గది చల్లారాక మళ్ళీ పెట్టాడు. నిండలేదు.

పారేసిన కొలతలు వారానికి ఒకటో రెండో ఎందుకుండేవో కూడా అప్పుడు తెలిసింది. అవి మోకాలి వ్యాయామం సాయంత్రాలు.

ఇంతటి చిక్కుముడి విప్పినవాడు ఎగిరి గంతెయ్యాలి. చీకటిరాజు మాత్రం బావ కూర్చున్న స్టూలు మీద హీటరు మళ్ళీ వేసి, ఎర్రగా కాలుతున్న దాని వంక చూస్తూ నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. చూసేవాళ్ళెవరూ లేరు.

సోమవారం మేడమ్ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. చీకటిరాజు వైరు థర్మామీటరు సంగతి, హీటరు సంగతి చెప్పి గ్రాఫులు ముందు పెట్టాడు. మేడమ్ ముఖం విప్పారింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఏళ్ళుగా తెలిసిన మనిషి దొంగ అని రాయాల్సొస్తుందేమోనని ఆవిడకీ నిద్ర పట్టి ఉండదు.

“బతికించారండీ! ఇక తేలికే. గది వేడిలో హెచ్చుతగ్గులున్నాయి, అసలు వేడి ఇంత ఉండేది అని సవరణ వేస్తే సరిపోతుంది. వ్యాసం నిలబడుతుంది, మీ మాటా నిలబడుతుంది.”

“కానీ హెచ్చుతగ్గులు ఎందుకొచ్చాయి మేడమ్?” అంది ప్రశ్నలమ్మాయి. “అదే గది, అవే మెషిన్లు, అదే మనిషి. అప్పుడు వెచ్చగా ఉండి ఇప్పుడు చల్లగా ఎందుకుంది?”

“వాతావరణం అయ్యుంటుంది. ఏం సార్, అంతే కదా?”

మేడమ్ దారి తీసి పెట్టింది. చీకటిరాజు ‘అంతేనండీ’ అంటే చాలు. తలాడిస్తే కూడా చాలు. పేరు దక్కుతుంది, ఉద్యోగం దక్కుతుంది, గది తాళం దక్కుతుంది. మేడమ్ వెనక కిటికీ ఉంది. అందులోంచి కింద గేటు కనపడుతోంది.

“కాదండీ” అన్నాడు. “గదిలో ఇంకో మనిషి ఉండేవాడు.”

“ఎవరు?”

“మా బావ.”

మేడమ్‌కి అర్థం కాలేదు. “మీ బావగారు ఇక్కడ పనిచేసేవారా?”

“లేదండీ. బస్సు డ్రైవరు. రిటైరయ్యాడు. మా అక్క పోయాక ఒక్కడూ ఉండలేక రోజూ వచ్చి నా వెనక కూర్చునేవాడు. మనిషి కొంచెం పెద్ద మనిషి. ఆయన వేడికే గది వెచ్చబడేది. నేనే రానిచ్చాను. రూలు వచ్చాక రావడం లేదు.”

ప్రశ్నలమ్మాయి మొదటిసారి ఏమీ అడగలేదు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “లేజరు గదిలోకి బయటి మనిషినా! ఏళ్ళ తరబడా!” అంది. “ఇది నేను విని ఊరుకోలేను, తెలుసా? భద్రతాధికారికి చెప్పాలి.”

“చెప్పండి మేడమ్. సవరణలో కూడా అదే రాయండి.”

రాశారు. ‘కొలతల సమయంలో గదిలో ఇద్దరు వ్యక్తులు ఉన్నారు, పారేసిన కొలతలప్పుడు ఒక్కరే ఉన్నారు’ అని ప్రశ్నలమ్మాయి రాసి చూపించింది. చీకటిరాజు చదివి, “రెండో వ్యక్తి అంటే ఎవరో ఏమిటో అన్నట్టుంది. బావ అని రాయకూడదా?” అన్నాడు. “సైన్సు పత్రికలో బావ అని రాయరు సార్” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. వ్యాసం నిలబడింది. అతన్ని ఎవరూ దొంగ అనలేదు. కానీ భద్రతాధికారి ఆ సాయంత్రమే గది తాళం తీసుకున్నాడు. ఇక మీదట చీకటిరాజుకి కింది అంతస్తులో గాజు సామాను కడిగే చోట పని. అక్కడ పెద్ద పెద్ద కిటికీలు, పగలంతా వెలుతురు. అతనికి కళ్ళు ఒకటే మంట.

ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అతను చలికోటు తొడుక్కుని, రెండు బస్సులు మారి బావ ఇంటికి వెళ్ళాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. నాకు ఆలస్యంగా తెలిసింది బావా, నేను కిందికి వచ్చేసరికే నువ్వు వెళ్ళిపోయావు బావా. వినడానికి బాగానే ఉంది. మొదటి బస్సు దిగేసరికే అది కూడా పారేసిన కొలతల్లాంటిదే అనిపించి, రెండో బస్సులో అన్నీ చెరిపేసుకున్నాడు.

తలుపు తీసిన బావ సగానికి సగం తగ్గిపోయి ఉన్నాడు. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది. “నువ్వా” అన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు, తలుపు వదిలేసి లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు కుర్చీ కనపడుతోంది. హాల్లో అదే మంచం. చీకటిరాజు గడపలోనే నిలబడి జరిగిందంతా చెప్పాడు. పొర బిగుసుకోవడం, ముగ్గురు కూర్చుంటే మచ్చ నిండడం, కొక్కేనికి కోటు, స్టూలు మీద హీటరు.

“అంటే ఇన్నేళ్ళూ నీ ఆఫీసుకి నేను పొయ్యి పని చేసిపెట్టానన్నమాట” అన్నాడు బావ.

“అవును బావా.”

“జీతం లేకుండా.”

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. చీకటిరాజే ముందు మాట్లాడాడు. “ఆ రోజు నువ్వు గేటు దగ్గర నిలబడ్డప్పుడు నేను పైన కిటికీలో ఉన్నాను బావా. చూశాను. దిగి రాలేదు.”

“తెలుసు.”

“తెలుసా?”

“బస్సు నడిపినవాణ్ణిరా. అద్దంలో ఎవడెక్కడ నిలబడ్డాడో చూసుకోకుండా బండి కదిలించను. నీ తెల్లకోటు కనపడింది. ఒక అడుగు వెనక్కి వేశావు చూడు, అదీ కనపడింది.” బావ మోకాలు రుద్దుకున్నాడు. “మెట్లు దిగుతున్నావేమో, అందుకే కనపడ్డం లేదేమో అని కాసేపు ఆగాను.”

చీకటిరాజు క్షమించమని అడగాలనుకున్నాడు. అడిగితే బావ ‘సరేలే’ అనేస్తాడని, అనేస్తే ఆ మాటతో అది కొట్టుకుపోతుందని భయమేసి అడగలేదు.

“ఇప్పుడా గదిలో ఎవరు కూర్చుంటున్నారు?” అన్నాడు బావ.

“ఒకమ్మాయి.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే. హీటరు పెట్టుకుంటుంది.”

“పాపం” అన్నాడు బావ.

బయట పొద్దు వాలిపోయింది. వంటింట్లోంచి ఏ చప్పుడూ లేదు. బావ లేచి లైటు వేయలేదు, చీకటిరాజూ వేయమనలేదు. వెళ్ళమని బావ అనలేదు కాబట్టి, లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. తర్వాత కుర్చీలోంచి బావ, బ్రేకులు పట్టని ఆ రాత్రి సంగతి, ఎన్నిసార్లో చెప్పిన సంగతే, మొదట్నించీ ఎత్తుకున్నాడు. చీకటిరాజు ఊ కొట్టాడు. కథ ఘాట్ రోడ్డు దాటేసరికి ఉక్కగా అనిపించి, కోటు విప్పి పక్కన పెట్టుకున్నాడు.